మానసిక వైద్యానికి ఈ-రిఫరల్: చీటీ రాసిన దగ్గర్నుంచి పేషెంటు చేరేదాకా

డిప్రెషన్‌తో ఉన్న మనిషి చేతిలో చీటీ పెట్టి "ఈ నంబరుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి" అంటే, జబ్బు ఏ పని చేయనివ్వడం లేదో సరిగ్గా ఆ పనే అప్పజెప్పినట్టు. మంచం దిగడమే కష్టంగా ఉన్నవారు ముక్కూమొహం తెలియని వాళ్లకు ఫోన్ చేసి తమ గోడు మొదటినుంచీ చెప్పుకోవాలి. ఆందోళన జబ్బు ఉన్నవారికి ఆ ఫోనే ఒక గండం. భ్రమలున్నవారు తమకు జబ్బుందనే ఒప్పుకోకపోవచ్చు. అందుకే మానసిక వైద్యంలో చీటీలు దారిలోనే రాలిపోతాయి, రాలిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. డాక్టరు పంపించేశాననుకుంటారు. మానసిక వైద్య కేంద్రం ఎవరూ రాలేదనుకుంటుంది. పేషెంటు తనను ఎవరూ పట్టించుకోలేదనుకుంటారు.

కాగితం చీటీకి బదులు కంప్యూటరు ద్వారా పేషెంటును పంపే ఈ-రిఫరల్‌తో వేగం పెరుగుతుందని ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు చెబుతారు. నిజమే గానీ అది చిన్న లాభం. పెద్ద లాభాలు రెండు: ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఇటూ అటూ కనబడుతుంది, ఫోన్ చేసే భారం పేషెంటు నెత్తి మీంచి కేంద్రం మీదికి మారుతుంది. ఈ రెండూ జరగకపోతే మీరు కొన్నది ఖరీదైన ఫ్యాక్స్ మిషనే. ప్రాథమిక వైద్యం చేసే క్లినిక్కు, కమ్యూనిటీ మానసిక వైద్య కేంద్రం కలిసి ఈ దారిని ఎలా వేసుకోవాలో ఒక్కో మెట్టుగా చూద్దాం.

1. సాఫ్ట్‌వేర్ చూడకముందు పాత చీటీల లెక్క తీయండి

గత 3 నెలల రిఫరళ్లలోంచి వరసగా 40 తీయండి. మంచివి ఏరుకోవద్దు, వరసగానే తీయాలి. ఒక్కోదానికి ఈ వివరాలు రాయండి: రాసిన తేదీ, కేంద్రానికి అందిన తేదీ, పేషెంటుతో మొదట మాట్లాడిన తేదీ, ఇచ్చిన అపాయింట్‌మెంట్ తేదీ, వెళ్లారా లేదా, జవాబు తిరిగొచ్చిందా లేదా. క్లినిక్కు వాళ్లొకరు, కేంద్రం వాళ్లొకరు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక పూట పని.

ఎక్కువమంది ఎక్కడ రాలిపోయారన్నదే చేయాల్సిన పని చెబుతుంది. చీటీ అందనేలేదంటే పంపే దారిలో లోపం. అందినా ఎవరూ మాట్లాడలేదంటే అక్కడ ఇన్‌బాక్సుకు యజమాని లేడు. ఫోన్ చేసినా ఎత్తలేదంటే నంబరో, సమయమో సరైంది కాదు. అపాయింట్‌మెంట్ ఇచ్చినా రాలేదంటే ఎదురుచూపు మరీ ఎక్కువై ఉండాలి, లేదా వెళ్లడానికి పేషెంటు మొదట్లోనే మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఉండరు. చూసే డాక్టర్లు చాలక ఆలస్యమవుతుంటే మాత్రం ఈ-రిఫరల్ దాన్ని బాగుచేయదు. క్యూ ఎంత పొడవుందో తేటతెల్లంగా చూపిస్తుంది, అంతే. పంపడం తేలికైంది కాబట్టి మొదటి నెలల్లో ఆ క్యూ ఇంకా పెరుగుతుంది కూడా. దీనికి సిద్ధపడకుండా మొదలుపెట్టినచోట రెండో నెలకే కేంద్రం చేతులెత్తేస్తుంది.

ఈ 40 చీటీల లెక్క దాచిపెట్టండి. ఆరు నెలల తర్వాత బాగుపడిందా లేదా అని తేల్చేది ఇదే.

2. కేంద్రంతో ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి

ఇది ఒక్క పేజీ దాటితే ఎవరూ చదవరు. అందులో ఉండాల్సినవి:

- కేంద్రం ఏ వయసువారిని, ఏ ప్రాంతంవారిని, ఏ సమస్యలను తీసుకుంటుంది, ఏవి తీసుకోదు. "తీసుకోం" అన్నచోట ఎక్కడికి పంపాలో కూడా రాయాలి.
- వారానికి కొత్తవారికి ఎన్ని సమయాలు ఖాళీగా ఉంచుతారు.
- ఏ తొందరకు ఎన్ని రోజుల్లో చూస్తారు.
- పేషెంటు బాధ్యత ఎప్పటిదాకా పంపినవారిది, ఎప్పటినుంచి తీసుకున్నవారిది.
- మనిషి కుదుటపడ్డాక తిరిగి క్లినిక్కుకు అప్పగించే పద్ధతి.

నాలుగోదాని మీదే గొడవలన్నీ వస్తాయి. మేం సూచించే నియమం: కేంద్రంలో మొదటిసారి కూర్చుని మాట్లాడేదాకా పేషెంటు పంపినవారి మనిషే. "అంగీకరించాం" అని తెరమీద కనబడినంత మాత్రాన బాధ్యత మారదు. ఇది రాసుకోకపోతే, ఎదురుచూసే రోజుల్లో పేషెంటు ఎవరి మనిషీ కాకుండా పోతారు. ప్రమాదాలు జరిగేది సరిగ్గా అప్పుడే.

ఎవరిని పంపాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మొదలుపెట్టిన ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమానికి పునాదే, మామూలు డిప్రెషన్, ఆందోళన లాంటివాటిని శిక్షణ పొందిన ప్రాథమిక వైద్య సిబ్బందే చూడగలరన్నది. అలాంటివారందరినీ పైకి పంపేస్తే, నిజంగా సైకియాట్రిస్టు కావాల్సినవాళ్లు వారి వెనక నిలబడాల్సి వస్తుంది. భ్రమలు, ఉన్మాదం (మేనియా), రెండు మందులు సరిపడా మోతాదులో సరిపడా కాలం వాడినా తగ్గని డిప్రెషన్, గర్భంతో ఉన్నప్పుడు తీవ్రమైన జబ్బు, మత్తుపదార్థాల వాడకంతో కలగలిసిన సమస్యలు, రోగనిర్ధారణ తేలని కేసులు: ఇవి పంపదగ్గవి.

కేంద్రాలు ఒకటికంటే ఎక్కువైతే డైరెక్టరీ కావాలి. ఒక్కో సేవకు ఒక్కో వరస, ప్రతి వరసలో "చివరగా సరిచూసిన తేదీ" అనే గడి. నెలకోసారి ఒకరు ఫోన్ చేసి సరిచూడాలి, ఆ ఒకరి పేరు రాసి ఉండాలి. మూసేసిన గ్రూప్ థెరపీకి పేషెంటును పంపితే ఆ మనిషి రెండోసారి మీ మాట వినరు.

3. ఫారం: తక్కువ గడులు, పనికొచ్చే గడులు

అందరూ చేసే తప్పు, సైకియాట్రిస్టు మొదటి రోజు అడిగే ప్రశ్నలన్నీ ఫారంలోనే పెట్టడం. 40 గడులుంటే డాక్టరు వాటిని నింపరు. తప్పనిసరి అని ఎర్రచుక్క పెడితే అందులో ఒక చుక్కో, "చూడగలరు" అనో కొట్టి ముందుకెళతారు. పేరు, పుట్టిన తేదీ, మందులు, పాత జబ్బులు రికార్డులోంచి తమంతట తామే రావాలి. చేత్తో నింపేవి పదికి మించకూడదు, అంతా కలిపి 3 నిమిషాల పని కావాలి. గడియారం పెట్టి కొలవండి. ఎక్కువైతే గడులు కోయండి.

చేత్తో నింపాల్సినవి ఇవి.

మీ ప్రశ్న ఒక్క వాక్యంలో. "డిప్రెషన్, దయచేసి చూడండి" అనేది ప్రశ్న కాదు. "రెండు మందులు ఎనిమిదేసి వారాలు వాడినా తగ్గలేదు, తర్వాత ఏమివ్వాలి?", "బైపోలార్ అని అనుమానం, నిర్ధారించగలరా?", "మందు మేమిస్తాం, మాట్లాడే చికిత్స కావాలి": ఇలా ఉంటే, తీసుకునేవారు సైకియాట్రిస్టుకు పంపాలా, సైకాలజిస్టుకా, సోషల్ వర్కరుకా అని ఒక్క చూపులో తేల్చుకుంటారు.

స్కోరు, దాని తేదీ. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 అయితే గత 2 వారాల స్థితి మీద 9 ప్రశ్నలు, మొత్తం 0 నుంచి 27. 10 నుంచి మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. ఆందోళనను కొలిచే జీఏడీ-7 అయితే 0 నుంచి 21. కాన్పు ముందూ తర్వాతా వాడే ఎడిన్‌బరో స్కేలుకు 10 ప్రశ్నలు, 0 నుంచి 30. మొత్తం ఒక్కటే పంపితే చాలదు. పీహెచ్‌క్యూ-9లో 9వ ప్రశ్న, ఎడిన్‌బరో స్కేలులో 10వ ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. వాటి జవాబు విడిగా కనబడాలి. మొత్తం 11 వచ్చిన మనిషి 9వ ప్రశ్నకు "దాదాపు ప్రతిరోజూ" అని చెప్పి ఉండొచ్చు.

ఇప్పటిదాకా వాడిన మందులు: పేరు, మోతాదు, ఎంతకాలం, ఎందుకు ఆపారు. ఆపిన కారణం లేకపోతే కేంద్రం మళ్లీ అదే మందుతో మొదలుపెడుతుంది.

సురక్షితంగా మాట్లాడే దారి. ఈ గడి మామూలు రిఫరల్ ఫారాల్లో ఉండదు, మానసిక వైద్యానికి మాత్రం ఇదే ప్రాణం. ఫోన్ ఎవరిది? ఇంకెవరైనా ఎత్తుతారా? మెసేజ్ పెట్టవచ్చా? ఏ సమయంలో చేస్తే ఒంటరిగా మాట్లాడగలరు? ఏ భాషలో? ఇంట్లో కొట్టే మనిషి ఉంటే, "మానసిక వైద్య కేంద్రం నుంచి" అని వచ్చిన ఒక్క మెసేజ్ చాలు కొంప ముంచడానికి.

ఇవి కాక గర్భం, ఇంట్లో చిన్నపిల్లల బాధ్యత, మద్యం లేదా మత్తుమందులు, రావడానికి అడ్డంకులు. వీటికి టిక్కులు చాలు, ఉన్నవాటికే ఒక వాక్యం.

పంపకూడనివీ ఉన్నాయి. రికార్డు మొత్తం తగిలించొద్దు. చిన్నప్పుడు జరిగిన అఘాయిత్యం వివరాలు, కుటుంబ రహస్యాలు ఫారంలోకి ఎక్కించొద్దు. "గతంలో తీవ్రమైన ఆఘాతం ఉంది, వివరాలు తనే చెబుతానన్నారు" అంటే సరిపోతుంది. అలా రాయడం వల్ల అక్కడి థెరపిస్టు కూడా తొందరపెట్టకుండా అడుగుతారు.

4. తొందర స్థాయిలు, ఈ-రిఫరల్‌కు అసలు పెట్టకూడని కేసులు

స్థాయిలు ఎక్కువైతే అందరూ పైదే నొక్కుతారు. రెండు చాలు: "త్వరగా", "మామూలు". మేం చెప్పే గడువులు ఇవి. మీ కేంద్రం మోయగలిగినంతలో సరిచేసుకోండి. త్వరగా అంటే 1 పనిదినంలో ఫోన్, 7 రోజుల్లో చూడటం. మామూలు అంటే 3 పనిదినాల్లో ఫోన్, 4 వారాల్లో చూడటం. "త్వరగా" నొక్కితే ఎందుకో ఒక వాక్యం రాయాలని పెట్టండి. అబద్ధపు తొందరలు ఆ ఒక్క వాక్యంతోనే చాలావరకు తగ్గిపోతాయి.

మూడో స్థాయి ఉంది, అది ఈ దారిలో వెళ్లకూడదు. చనిపోవాలన్న ఉద్దేశం, ఎలా అన్న ఆలోచన ఉన్నవారు, ఇప్పటికే ప్రయత్నం చేసినవారు, ఇంకొకరికి హాని చేసేలా ఉన్నవారు, తిండీ నీళ్లూ మానేసినవారు, కాన్పైన తొలి వారాల్లో భ్రమలతో, గందరగోళంతో ఉన్న తల్లి, మద్యం ఆపాక మూర్ఛ వచ్చినవారు లేదా మతి తప్పి మాట్లాడుతున్నవారు: వీరిని ఒంటరిగా వదలకూడదు. ఫోన్ చేసి, మనిషితో మాట్లాడి, అదే గంటలో అత్యవసర సేవకు అప్పగించాలి. ఫారం తర్వాత, సమాచారం కోసం పంపితే చాలు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి పంపిన "అత్యవసరం" ఎవరూ తెరవని ఇన్‌బాక్సులో సోమవారం దాకా పడుంటుంది. పంపినవారు మాత్రం పనైపోయిందనుకుంటారు.

కాబట్టి ఫారమే అడ్డుకోవాలి. 9వ ప్రశ్నకు సున్నా కాకుండా ఏదొచ్చినా తెరమీద నాలుగు ప్రశ్నలు రావాలి: ఇప్పుడు ఆ ఆలోచన ఉందా? ఎలా అని ఆలోచించారా? చేయాలన్న ఉద్దేశం ఉందా? ఇంతకుముందు ప్రయత్నించారా? ఉద్దేశానికో ప్రణాళికకో "అవును" వస్తే "పంపు" మీట పనిచేయకూడదు, దాని చోట ఫోన్ నంబరు కనబడాలి. అలాగని 9వ ప్రశ్నకు 1 వచ్చిన ప్రతి ఒక్కరినీ అత్యవసరానికి తోసేయడమూ తప్పే. "పోతే బాగుండు అనిపిస్తుంది, కానీ ఏమీ చేసుకోను" అన్న మనిషిని బలవంతంగా తరలిస్తే ఆయన మళ్లీ ఎవరికీ నిజం చెప్పరు.

5. పేషెంటు గది దాటకముందే

ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా ఈ ఐదు నిమిషాలకు సాటిరాదు. మానసిక వైద్యం మాట ఎలా తెస్తున్నామన్నదాని మీదే వెళ్లడమో మానడమో ఆధారపడుతుంది.

"పరీక్షలన్నీ బాగున్నాయి, మీకేమీ లేదు, సైకియాట్రిస్టుకు చూపించుకోండి" అంటే, "నువ్వు చెప్పేది వట్టిమాట, నీకు పిచ్చి" అని వినబడుతుంది. ఇలా చెప్పి చూడండి: "మీ గుండెదడ నిజమే, నిద్ర లేకపోవడం నిజమే. వీటికి కారణం ఆందోళన జబ్బు అనిపిస్తోంది. దీన్ని నయం చేయడంలో నాకన్నా అనుభవం ఉన్నవాళ్లున్నారు. వాళ్లతో నేనే మాట్లాడి సమయం తీసుకుంటాను. మీ మిగతా వైద్యం నా దగ్గరే." చివరి వాక్యం వదిలేయొద్దు. తనను వదిలించుకుంటున్నారన్న భయమే చాలామందిని వెనక్కి లాగుతుంది.

తర్వాత తెర పేషెంటు వైపు తిప్పండి. ఏమేం వెళుతుందో చూపించి చదివి వినిపించండి. "ఇది తీసేయమంటారా?" అని అడగండి, తీసేయమంటే తీసేయండి. సమ్మతి అంటే ఇదే; కింద పెట్టించే సంతకం దానికి గుర్తు మాత్రమే. తేదీ, ఎవరెదుట ఒప్పుకున్నారో రికార్డవ్వాలి.

వీలైతే సమయం అక్కడికక్కడే ఖరారు చేయండి. కేంద్రం తన క్యాలెండరులో వారానికి నాలుగైదు ఖాళీలు క్లినిక్కుకు కనబడేలా తెరిచిపెడితే చాలు. "మేం పిలుస్తాం" కన్నా "వచ్చే మంగళవారం 11 గంటలకు" అన్న మాటకు బలం ఎక్కువ. అదీ కుదరకపోతే కేంద్రం కోఆర్డినేటరుతో 2 నిమిషాల ఫోనో, వీడియో కాలో పెట్టించండి. ఒక గొంతు, ఒక పేరు పరిచయమైతే అక్కడికి వెళ్లడం సగం తేలికవుతుంది.

ఆఖరున చిన్నపని: కేంద్రం ఏ నంబరు నుంచి ఫోన్ చేస్తుందో అది పేషెంటు ఫోన్లో, వాళ్లకు ఇష్టమైన పేరుతో సేవ్ చేయించండి. తెలియని నంబర్లు ఎవరూ ఎత్తడం లేదు. "ఫోన్ చేశాం, స్పందన లేదు" అన్న రాతల వెనక తరచూ ఉండేది ఇదే.

6. కేంద్రం వైపు ఇన్‌బాక్సు

ఇన్‌బాక్సు ఒక్కటే ఉండాలి, దానికి పేరున్న యజమాని ఉండాలి, ఆయన సెలవులో ఉంటే చూసే మరో పేరు ఉండాలి. రోజుకు రెండుసార్లు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తెరవాలి. "టీం అంతా చూస్తుంది" అంటే ఎవరూ చూడరని అర్థం.

స్థితులు రెండువైపులా ఒకే మాటల్లో ఉండాలి: పంపారు, అందింది, వివరాలు కావాలి, ఒప్పుకున్నారు, వెనక్కి పంపారు, సమయం ఇచ్చారు, వచ్చారు, రాలేదు, జవాబు పంపారు, ముగిసింది. ప్రతి మార్పుకు తేదీ, సమయం వాటంతట అవే పడాలి. "అందింది" అన్న స్థితిలో 2 పనిదినాలు దాటితే యజమానికీ, ఆయన పైవారికీ హెచ్చరిక వెళ్లాలి.

వెనక్కి పంపడం గురించి కచ్చితంగా ఉండండి. కారణం లేకుండా వెనక్కి పంపే వీలే ఉండకూడదు. కారణాల జాబితా పొట్టిగా ఉండాలి: మా ప్రాంతం కాదు, మా వయసు పరిధి కాదు, ఈ సేవ మా దగ్గర లేదు, ఇప్పటికే వేరేచోట చికిత్సలో ఉన్నారు. ప్రతి దానికీ "బదులుగా ఇలా చేయండి" జత కావాలి. వివరాలు చాలకపోతే అది వెనక్కి పంపే కారణం కాదు. "వివరాలు కావాలి" అని అడగాలి, ఆలోగా పేషెంటు వరసలో స్థానం పోకూడదు. లేకపోతే డాక్టరు మరిచిన ఒక్క గడికి పేషెంటు మూడు వారాలు మూల్యం చెల్లిస్తారు.

రెండువైపులా వేరువేరు సాఫ్ట్‌వేర్లుంటే మీ సాంకేతిక బృందాన్ని, వైద్య సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి హెచ్‌ఎల్7 సంస్థ చేసిన ప్రమాణం ఎఫ్‌హెచ్‌ఐఆర్ గురించి అడగండి. అందులో డాక్టరు కోరికకు సర్వీస్ రిక్వెస్ట్ అనీ, ఆ పని ఇప్పుడు ఎవరి చేతిలో ఏ స్థితిలో ఉందో చెప్పడానికి టాస్క్ అనీ వేరువేరు భాగాలున్నాయి. అమ్మేవాళ్లు మొదటిది మాత్రం చేసిపెట్టి "పూర్తయింది" అంటుంటారు. టాస్క్ లేకపోతే స్థితి తిరిగి రాదు, అంటే మీరు ఉత్తరం పంపారు తప్ప దారి వేయలేదు. కొనకముందే "మా తెరమీద 'రాలేదు' అని ఎలా కనబడుతుంది, చూపించండి" అనండి.

రెండు సిస్టంల మధ్య మనుషులు తారుమారవడం మామూలే. ఒకే పేరును ఇద్దరు రెండు స్పెల్లింగుల్లో రాస్తారు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు మూడూ సరిపోలితేనే ఒకే మనిషిగా కలపాలి. రెండే కలిస్తే మనిషి చూసి తేల్చాలి.

సాఫ్ట్‌వేరుకు డబ్బుల్లేకపోతే ఆగిపోనక్కర్లేదు. రెండువైపులా పరిమిత సిబ్బందికే తెరుచుకునే, పాస్‌వర్డుకు తోడు రెండో ధ్రువీకరణ ఉన్న ఉమ్మడి స్ప్రెడ్‌షీటులో ఇదే స్థితుల వరస పెట్టుకుని ఒక క్లినిక్కు, ఒక కేంద్రం పని చక్కగా నడుపుకోవచ్చు. కానీ ఫోన్లలోని మెసేజింగ్ గ్రూపుల్లో పేషెంట్ల పేర్లు, ఫొటో తీసిన చీటీలు పెట్టొద్దు. అవి ఎవరి ఫోన్లో ఎన్నేళ్లుంటాయో ఎవరికీ తెలియదు.

7. పిలవడం, గుర్తుచేయడం, రాకపోతే వెతకడం

కనీసం మూడుసార్లు, మూడు వేరువేరు రోజుల్లో ప్రయత్నించండి; ఒకటి పనివేళల తర్వాత ఉండాలి. ఒకే రోజు పది గంటలకూ, పదీ పదికీ, పదీ ఇరవైకీ చేసి "మూడుసార్లు చేశాం" అని రాయడం లెక్క కాదు. ఎత్తింది వేరేవారైతే పేషెంటు పేరు చెప్పి వారితో మాట్లాడాలని అడగండి, మీ పని చెప్పొద్దు.

మెసేజ్‌లో జబ్బు పేరు, విభాగం పేరు, డాక్టరు హోదా ఉండకూడదు. "మంగళవారం ఉదయం 11కి మీ అపాయింట్‌మెంట్ ఉంది. మార్చాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటే చాలు. పంపినవారి పేరుగా కనబడే అక్షరాల్లో కూడా "మెంటల్" అన్న మాట రాకుండా చూడండి. సందేశాన్ని సరిచేసి దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మూడు రోజుల ముందొకటి, ముందురోజొకటి గుర్తు చేయండి. "రాలేను" అని జవాబిస్తే మరో సమయం ఇచ్చే వీలుండాలి.

రాకపోతే ఏం చేయాలి? చాలాచోట్ల "రెండుసార్లు రాలేదు, మూసేశాం" అన్న నియమం ఉంటుంది. రాకపోవడం జబ్బు లక్షణమే కావచ్చు, జబ్బు ముదిరిందనడానికి మొదటి గుర్తూ కావచ్చు. అదేరోజు ఒక ఫోన్, అదేరోజు పంపినవారికి "రాలేదు" అన్న స్థితి. "త్వరగా" అన్న కేసయితే తెర చూస్తారులే అనుకోకుండా మనిషే మనిషికి ఫోన్ చేసి చెప్పాలి. మూసేసే నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి.

8. ఎదురుచూసే రోజులు ఖాళీగా వదలొద్దు

రిఫరల్ పంపామని మందు మొదలుపెట్టకుండా ఆపొద్దు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు వారాల తర్వాత అపాయింట్‌మెంటంటే, ఈరోజే మొదలుపెడితే అప్పటికి పనిచేస్తుందో లేదో చెప్పగలిగే స్థితిలో ఉంటారు. ఒక్క జాగ్రత్త: గతంలో ఉన్మాదం వచ్చినట్టు ఆనవాలుంటే సైకియాట్రిస్టును అడక్కుండా మొదలుపెట్టొద్దు. 25 ఏళ్లలోపువారిలో ఈ మందుల తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు, కాబట్టి వారంలోపే మళ్లీ చూడండి.

హాని ఆలోచనలున్నవారితో భద్రతా ప్రణాళిక రాయండి: ఏది మొదలైతే జాగ్రత్తపడాలి, అప్పుడు ఏం చేస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు, ఇంట్లో పురుగుమందులు, మాత్రలు ఎవరు దాస్తారు. అది రిఫరల్‌కు జత చేయండి, ఒక ప్రతి పేషెంటు దగ్గరుండాలి.

రెండు వారాలకు స్కోరు మళ్లీ తీయండి. పెరిగితే కొత్త రిఫరల్ పంపొద్దు, పాతదాని మీదే తొందర స్థాయి మార్చండి. కొత్తది పంపితే క్యూ చివర పడుతుంది, ఒకే మనిషి రెండుసార్లు లెక్కకొస్తారు.

కొన్ని ప్రశ్నలకు పేషెంటు వెళ్లాల్సిన పనే లేదు. "ఈ మందు మోతాదు పెంచాలా, మార్చాలా?" లాంటిది అదే దారిలో ఈ-కన్సల్ట్‌గా పంపి, సైకియాట్రిస్టు రెండు పనిదినాల్లో రాతలో జవాబిచ్చే ఏర్పాటు చేసుకోండి. దానికి వారానికి ఒక గంట కేటాయించినా క్యూ తగ్గుతుంది. కొత్త డాక్టరును తెచ్చుకోలేని కేంద్రానికి ఇంతకన్నా అందుబాటులో ఉన్న ఉపాయం లేదు.

9. తిరుగు జవాబు

మొదటిసారి చూసిన 7 రోజుల్లో జవాబు వెళ్లాలి, నాలుగు పేజీల నివేదిక అక్కర్లేదు. చూసిన తేదీ, ఏమనుకుంటున్నారు, ఏం చేస్తున్నారు, మందు ఎవరు రాస్తారు, పరీక్షలు ఎవరు చేయిస్తారు, మళ్లీ ఎప్పుడు, ఏమైతే వెంటనే పంపాలి. ఈ ఏడింటిలో పరీక్షల దగ్గరే నష్టం జరుగుతుంది. లిథియం వాడుతుంటే రక్తంలో మోతాదు, కిడ్నీ, థైరాయిడ్ చూస్తుండాలి. క్లోజపిన్ అయితే తెల్ల రక్తకణాల లెక్క. "క్లినిక్కు చేయిస్తుందిలే" అని కేంద్రం, "కేంద్రం చూస్తుందిలే" అని క్లినిక్కు అనుకుంటే ఎవరూ చేయించరు. కాబట్టి ఆ గడిలో సంస్థ పేరు కాదు, మనిషి పేరు రాయండి. థెరపీలో చెప్పుకున్న సంగతులు జవాబులోకి రాకూడదు.

10. ఎవరు చూడగలరు

రిసెప్షనులో కూర్చున్నవారికి పేరు, సమయం కనబడాలి, కారణం కనబడకూడదు. ఎవరు ఏ రికార్డు తెరిచారో లాగ్ ఉండాలి, నెలకోసారి ఎవరైనా దాన్ని నిజంగా చూడాలి. సిబ్బందే పేషెంట్లయినప్పుడు ఇది మరీ ముఖ్యం.

పేషెంటు పోర్టల్ ఉంటే టీనేజీ పిల్లల ఖాతాలు విడిగా పరిశీలించండి. తల్లిదండ్రులకు ఇచ్చిన లాగిన్‌లో రిఫరల్, అపాయింట్‌మెంట్, జవాబు అన్నీ తమంతట తామే కనబడవచ్చు. ఏ వయసు నుంచి ఏది దాచాలో మీ చట్టం ఏం చెబుతుందో తెలుసుకుని, పరీక్ష ఖాతా ఒకటి తయారుచేసి తల్లిదండ్రుల లాగిన్‌తో తెరిచి చూడండి. సెట్టింగు సరిగ్గా పెట్టామన్న నమ్మకం మీద వదిలేయకూడని విషయమిది.

11. మొదలుపెట్టడం, కొలవడం

ఒక క్లినిక్కు, ఒక కేంద్రం, 6 వారాలు, పాతిక ముప్పై రిఫరళ్లు. అంతకన్నా పెద్దగా మొదలుపెడితే తప్పులు కూడా పెద్దవవుతాయి. మొదటి పదీ నడిచాక ఫారం మార్చండి. మార్చాల్సినవి తప్పక తేలతాయి. తర్వాత ఒక తేదీ ప్రకటించి ఆ రోజు నుంచి చీటీలు, ఫ్యాక్సులు ఆపేయండి. రెండు దారులూ తెరిచి ఉంచితే పేషెంట్లు రెండింటి మధ్య జారిపోతారు. కరెంటో నెట్టో పోయినప్పటి కోసం అవే గడులున్న కాగితం ఫారాలు 20 ఉంచండి, నెట్ వచ్చిన రోజే వాటిని ఎక్కించే బాధ్యత ఒకరికివ్వండి.

వారానికోసారి 20 నిమిషాల సమావేశం చాలు. ముందు పెట్టుకోవాల్సింది ఒక్కటే జాబితా: గడువు దాటినవారు. ఒక్కో పేరుకు "ఎందుకు ఆగింది, ఎవరు చేస్తారు, ఎప్పటికి". నెలకోసారి అంకెలు చూడండి: పంపిన రోజు నుంచి మొదటి ఫోన్‌కు ఎన్ని రోజులు, మొదటి చూపుకు ఎన్ని రోజులు, వందకు ఎందరు నిజంగా వచ్చారు, ఎందరిని వెనక్కి పంపారు, ఎందరికి జవాబొచ్చింది. రోజులకు సగటు తీయొద్దు, మధ్యగతం (అంకెల్ని వరసగా పేర్చితే నడుమ వచ్చేది) తీయండి. 90 రోజులు ఆగిన ఒక్కరు సగటును లాగేస్తారు. ఆ 90 రోజుల మనిషిని మాత్రం పేరుపెట్టి విడిగా చూడండి.

ఈ అంకెలను భాషవారీగా, వయసువారీగా, దూరంవారీగా, సొంత ఫోన్ ఉన్నవారు లేనివారుగా విడదీయండి. మొత్తం మీద వచ్చినవారు పెరిగి, ఫోన్ లేనివారిలో తగ్గారంటే, ఈ దారి నడవగలిగినవారికే నడక తేలిక చేసింది. వారికి ఫోన్ బదులు ఇంటికి వెళ్లే ఆరోగ్య కార్యకర్త పేరు ఫారంలోని "మాట్లాడే దారి" గడిలో పెట్టండి. అలాంటి రిఫరల్ రాగానే కేంద్రం కోఆర్డినేటరు పేషెంటుకు కాకుండా ఆ కార్యకర్తకే ఫోన్ చేసి తేదీ, సమయం, తోడుగా ఎవరు వస్తారన్నది ఖరారు చేసుకుని, అప్పుడే "సమయం ఇచ్చారు" అన్న స్థితి నొక్కాలి.